ఎదురు రాని మనిషి

"లిడియా రేపు మధ్యాహ్నానికి బతికి ఉంటుందో లేదో నాకు తెలియదు," అన్నాడు చీఫ్, చుట్ట వెలిగిస్తూ.

ఏజెంట్ జాగో ట్రెంబాత్ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. లిడియా శత్రు ముఠాలో ఉంటూ లండన్‌కు రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్. ఆమె నవ్వితే చాలు, రాయబారులు నోరు జారేవారు. జాగో మాత్రం ఒకసారి రైల్లో ఆమె పక్కనే కూర్చుని, నోరు తెరవడానికే భయపడ్డాడు.

"ముఠాకి అనుమానం వచ్చింది. ఆమెను బయటికి లాగెయ్యాలి. ఎక్కడ కలుస్తావు?"

"మా ఊళ్ళో సార్. పోర్త్‌వెనా. ఊరిపైన కొండ మీద లోయ చుట్టూ తిరిగొచ్చే కాలిబాట ఉంది. ఒక కొస చర్చి దగ్గర, రెండోది రేవు దగ్గర. ఆమె చర్చి నుంచి ఎక్కుతుంది, నేను రేవు నుంచి. ముఠావాడు వచ్చినా పడవలో రేవుకే వస్తాడు, నన్ను దాటాలి."

"సంకేతవాక్యం?"

"అక్కర్లేదు సార్. ఆ బాట మీద ఎవరూ ఎదురు రారు. ఎదురొచ్చినవాడే మనవాడని చెప్పండి."

"బాగుంది. చెడగొట్టకు."

చెడగొట్టాడు.

మరునాడు పెట్టుడు మీసం, మెడలో బైనాక్యులర్స్, పిస్తోలుగా పేలే పొగాకు పైపుతో పక్షులు చూసేవాడి వేషంలో బస్సు దిగాడు. తల నిండా లిడియా. కాళ్ళు వాటి దారిన అవి చర్చి మెట్లెక్కేశాయి. పడవలు నీళ్ళ మీద ఉండగా పోర్త్‌వెనాలో పుట్టినవాడెవడూ ఆ కొండను అప్రదక్షిణంగా, అంటే రేవు వైపు నుంచి, తిరగడు. తిరిగితే పడవ బోర్లా పడి తేలుతుందని ఉగ్గుపాలతో నేర్పుతారు. జాగో తమ్ముడు డెంజిల్ ఆ పొద్దున్నే చేపల వేటకు వెళ్ళాడు. ఏళ్ళ తరబడి లండన్ ఇచ్చిన ట్రైనింగ్ ఆ కాళ్ళ ముందు ఎందుకూ కొరగాలేదు.

సగం కొండెక్కాక లోయకు అవతలి గట్టు మీద ఎర్ర స్కార్ఫ్ కనబడింది. లిడియా! అప్పుడు గుర్తొచ్చింది, తను రావలసిన వైపు అది కాదని. రేవు నుంచి ఇంకో పక్షులవాడు పైకి వస్తున్నాడు. బైనాక్యులర్స్ పెట్టి చూశాడు. కోర్ట్. ముఠా హంతకుడు, లిడియా ఎన్నడూ చూడనివాడు. చేతికర్ర కొసన విషపు సూది ఉంటుంది.

చేతి గడియారంలోని రేడియోలో చీఫ్ గొంతు గురగురలాడింది. "ఆమెకెంత దూరంలో ఉన్నావ్?"

"కేకేస్తే వినపడేంత సార్. నడిస్తే అరగంట."

"కేకెయ్యి మరి!"

వేశాడు. గాలి అటునుంచి వీస్తోంది. అతని కేక తిరిగొచ్చి అతని మొహానికే తగిలింది. పైపుకు అంత దూరం అందదు. పరుగెత్తాడు. బాట మొదట లోయ లోపలికి వంగుతుంది కాబట్టి, పరుగెత్తేకొద్దీ ఆమె ఇంకా దూరమైంది. మళ్ళీ గట్టు అంచుకొచ్చి నిలబడ్డాడు. కోర్ట్‌ను చూసి లిడియా నవ్వుతోంది. ఎదురొచ్చినవాడే మనవాడు! చెయ్యి చాపి ముందుకు నడుస్తోంది. జాగోకు ఏడుపొచ్చింది. తన మాటే ఆమెను చంపుతోంది. తను చేయగలిగింది చూడడం ఒక్కటే.

కోర్ట్ కర్ర ఎత్తాడు.

"ఏయ్! ఎటొస్తున్నావురా నువ్వు?"

గాలి ఆ అరుపును జాగో చెవిదాకా మోసుకొచ్చింది. పడవలొస్తున్నాయేమో చూద్దామని కొండెక్కిన ఆడవాళ్ళు లిడియా వెనకే దిగుతున్నారు. అందరికన్నా ముందు నల్ల ఏప్రన్‌లో జాగో తల్లి ట్రైఫెనా.

"నేను టూరిస్టుని, మేడమ్."

"అయితే మాకేంటంట? మా మగాళ్ళు నీళ్ళ మీదున్నారు. తిరుగు వెనక్కి!"

"దారి వదలండి."

"వదలక నెత్తిన పెట్టుకుంటామా? లవ్‌డే, ఆ కర్ర లాగవే!"

పక్కనున్న లవ్‌డే కర్ర లాగి సముద్రంలోకి విసిరింది. కోర్ట్ కత్తి తీశాడు. తెల్లారి లేస్తే చేపలు కోసే వాళ్ళకు కత్తి చూపించాడు, పాపం. ట్రైఫెనా అతని మణికట్టు మెలిపెట్టింది, మిగతావాళ్ళు మీదపడ్డారు.

జాగో రొప్పుతూ రేవుకు చేరేసరికి కోర్ట్ వలలో చుట్టబడి ఉన్నాడు, పక్కన పోలీసు. లిడియా లేదు.

"బస్సెక్కించాను," అంది తల్లి, కొడుకు మీసం పీకి చేతిలో పెడుతూ. "పాపం, నీ కోసం చాలాసేపు చూసింది. ఎదురొస్తానన్నావంట కదా నువ్వు?"

"నువ్వేమన్నావమ్మా?"

"మావాడు చచ్చినా ఎదురు రాడమ్మా, ఆశ పెట్టుకోకు అన్నాను." కొడుకు చెంప నిమిరింది. "తమ్ముడు నీళ్ళ మీదున్నాడని గుర్తుపెట్టుకున్నావు. మంచి పని చేశావురా నాయనా!"