అడగని మంచినీళ్లు

తెల్లవారుజామున అయిదింటికే వెంకటరత్నమ్మకు మెలకువ వచ్చేసింది. వచ్చి ఏం లాభం? నడుముకు బెల్టు లేకుండా మంచం దిగకూడదు. ఆ బెల్టేమో పడుకునే కట్టించుకోవాలి. కట్టే కోడలు సింధూరి ఏడింటికి గానీ లేవదు. గవర్నర్‌పేట బట్టల షాపులో రోజంతా నిలబడి వచ్చే పిల్లను లేపడానికి మనసొప్పదు. కొడుకు కిరీటి లారీ మీద పోతే వారానికోసారి కనపడతాడు. అందుకే మధ్యాహ్నం భోజనం దాటితే ఆవిడ గుక్కెడు నీళ్లు ముట్టడం మానేసింది.

పక్క మంచం మీద భర్త రామకోటేశ్వరరావు అటు తిరిగి పడుకున్నాడు. మెలకువగానే ఉన్నాడు, దగ్గు వినపడుతోంది. నలభై ఆరేళ్ల కాపురంలో తన గ్లాసు తాను ముంచుకున్న పాపాన పోని మనిషి. ఆయన్ని అడగడమా! ఒకే గదిలో ఇద్దరుండి కూడా ఆవిడ ఒంటరిదే.

బాత్‌రూమ్‌లో జారిపడి నెల దాటింది. ఏనాడో అరిగి బిగుసుకుపోయిన వెన్నులో ఒక పూస విరిగింది. "ఈ వయసులో ఆపరేషన్ లేకుండా బెల్టుతోనే చూద్దామమ్మా. బెల్టు లేకుండా లేచారో, స్క్రూలు వేయక తప్పదు" అన్నాడు డాక్టరు.

ఆ రోజు రెండో ఎక్స్‌రే చూసి డాక్టరు మొహం చిట్లించాడు.

"పూస ఇంకొంచెం కుంగింది. యూరిన్‌లో ఇన్ఫెక్షన్ కూడా ఉంది. నీళ్లు తాగట్లేదా? బెల్టు లేకుండా లేచారా?"

"ఒక్కసారేనండీ, ఆపుకోలేక" అంది వెంకటరత్నమ్మ తలవంచుకుని. "నీళ్లు తాగితే లేవాలి గదండీ. లేవాలంటే ఎవరో ఒకరు కట్టాలి."

ఇంటికి రాగానే సింధూరి ఏడుస్తూ విరుచుకుపడింది.

"నన్ను లేపొచ్చుగా అత్తయ్యా! మామయ్యగారూ, పక్కనే ఉంటారు గదా, బెల్టు కట్టడం మీకంత నామోషీనా?"

"నన్నెప్పుడన్నా అడిగిందా?"

"అడగనిచ్చారా?" అంది వెంకటరత్నమ్మ. "పెళ్లైన కొత్తలో జ్వరమొచ్చి మంచినీళ్లడిగితే, మగాడిచేత నీళ్లు మోయిస్తావా అన్నారు. మళ్లీ ఏదీ అడగలేదు నేను."

ఆ మాట ఆయనకు గుర్తు కూడా లేదు. ఆ సంగతే ఆయన్ని ఎక్కువ బాధపెట్టింది. అన్నం ముందు కూర్చుని, కలపకుండానే లేచిపోయాడు.

మర్నాడు అయిదింటికి భుజం మీద చెయ్యి పడింది.

"రత్నం, ఇటు తిరుగు. నడుం మెలిపెట్టకు. ఒళ్లంతా ఒక్కసారే తిరగాలంట."

బెల్టు పట్టీలు లాగాడు.

"అయ్యో రామ! తలకిందులుగా కట్టారండీ!"

విప్పి మళ్లీ కట్టాడు. "బిగుసుకుందా?"

"చాల్లెండి."

ఆవిడ బాత్‌రూమ్ నుంచి మెల్లగా వచ్చి కూర్చునేసరికి, ఆయన నిండు గ్లాసుతో నిలబడి ఉన్నాడు. ముంచేటప్పుడు ఒలికిన నీళ్లతో పంచె తడిసిపోయింది. వెంకటరత్నమ్మ కన్నీళ్లతోనే గ్లాసు దించకుండా తాగేసింది. మూతి తుడుచుకుని, ఆయన మొహంలోకి చూసింది.

"ఇంకో గ్లాసు తెచ్చిపెట్టండి" అని అడిగింది.