మైనస్ ఎక్స్ ఎందుకు ప్లస్సు?

ఉప్పల్‌లో మెట్రో పిల్లర్లు లేవక ముందు సంగతి. అక్కడి ఒక కోచింగ్ సెంటర్లో హిమజ లెక్కలు చెప్పేది. శాంసన్ నాచారంలో మందుల ఫ్యాక్టరీలో పనిచేస్తూ రైల్వే పరీక్షకు చదివేవాడు. వయసు దాటిపోతోంది, అతనికి అదే ఆఖరి అవకాశం.

చేరిన రోజే అతను ఆమెకు అడ్డం తగిలాడు. ఎక్స్ సున్నాకంటే తక్కువైతే దాని మాడ్యులస్ మైనస్ ఎక్స్ అని ఆమె బోర్డు మీద రాసింది. అతను లేచి నిలబడ్డాడు.

“మేడమ్, మాడ్యులస్ ఎన్నడూ మైనస్ రాదని ఇందాక మీరే జెప్పిన్రు. మళ్ల మీరే మైనస్ రాసిన్రు. ఏది నమ్మాలె?”

క్లాసంతా నవ్వింది. రూల్ అంతే, గుర్తుపెట్టుకోమని కసిరింది హిమజ. ఇంటికెళ్లాక మాత్రం అన్నం సహించలేదు. అతను అడిగినదానికి తను జవాబే చెప్పలేదు.

మర్నాడు క్లాసయ్యాక అతన్ని ఆపింది. బయట వాన. ఇద్దరూ షట్టర్ కింద నిలబడ్డారు.

“ఇక్కడ్నుంచి నాచారం దిక్కు మూడు కిలోమీటర్లు పోయినా, బోడుప్పల్ దిక్కు మూడు పోయినా దూరం మూడే. అదే మాడ్యులస్. ఇగ ఎక్స్ అంటేనే మైనస్ మూడు అనుకోండి. దాని ముందట ఇంకో మైనస్ పెడితే?”

అతను తడి షట్టర్ మీద వేలితో రాసి చూశాడు. “మూడు. అంటే ఆ మైనస్, దాన్ని ప్లస్ జేసెటందుకే పెట్టిన్రు.”

అతని మొహం వెలిగింది. ఆమె చూపు తిప్పుకోవడం మర్చిపోయింది.

ఆ తర్వాత రోజూ ఏదో ఒక డౌట్. కూతురు ఆలస్యంగా వస్తోందని నాన్న రామస్వామి అడిగితే హిమజ దాచకుండా పేరు చెప్పింది. శాంసన్ అనగానే ఆయన మౌనంగా లేచి వెళ్లిపోయాడు. ఆ మౌనం ఆమెను వారమంతా తినేసింది.

పరీక్ష రోజు మధ్యాహ్నం దాటింది. అతని ఫోన్ స్విచాఫ్. సెంటర్‌కు సెలవైనా హిమజ వెళ్లి మెట్ల మీద కూర్చుంది. సాయంత్రానికి వచ్చాడు, చొక్కా చెమటతో తడిసి ఉంది. ఆమెకు అడగాలంటే భయమేసింది.

“మంచిగనే రాసిన,” అన్నాడు. “రెండుసార్లు గల్లి మూలదాంక వచ్చి మళ్లిపోయిన. రేపటిసంది క్లాసు లేదు. మిమ్మల్ని సూడకుండ ఎట్లుండాలె అని ఫికర్.”

హిమజ మెట్ల మీంచి లేచింది. “నాయిన పొద్దున నోరు విప్పిండు. ఆ పిలగాన్ని ఒకసారి తీస్కరా, మాట్లాడుత అన్నడు.”

“ఏమడుగుతడు?”

“తెల్వదు. నాక్కూడ భయమైతుంది. అయినా నువ్వు రా.”

మొదటిసారి నువ్వు అన్నదని ఇద్దరికీ తెలిసింది. ఆమె ఇంటివైపు వెళ్లే రామంతాపూర్ షేర్ ఆటో వస్తే అతనే చెయ్యెత్తి ఆపాడు.