తగరం దిగే వేళ

పొద్దున్నే ఊరంతా కాల్చిన ఇటుక గోడలకు చెవులానించి కూర్చుంది. శ్రుతిశలాక అనే చిన్న కడ్డీ వచ్చాక కాఫీ కంటే ముందు ఇదే అలవాటు. నిప్పులో కాలిన ఏ వస్తువైనా చల్లారేటప్పుడు చుట్టూ వినబడ్డ మాటల్ని తనలో బిగించుకుంటుంది. శలాక ఆనిస్తే వాటిని విప్పి చెబుతుంది. గోడలకు చెవులుంటాయనేవారు; ఇప్పుడు నోరు కూడా వచ్చింది.

శబరి ఏటి ఒడ్డున మడకం జోగమ్మకు మాత్రం ఒక్క మాటా దొరకలేదు. అది పాత తగరపు కొలిముల దిబ్బ. ఆమె పూర్వీకులు ఏటి ఇసుకలోంచి ఖనిజం కడిగి కరిగించిన చోటు. తవ్వకాల్లో ఆమె ఏరిన, లోహం తీశాక మిగిలి గట్టిపడ్డ చిట్టెపు ముక్కలన్నీ మూగవే. మాట పలికిన చోటును చట్టం కాపాడుతుంది. పలకనిదాన్ని కొత్త గని మింగుతుంది. పరీక్షాధికారి సుదర్శనం మధ్యాహ్నం సైరన్‌లోగా "మూగ" అని పైకి అంటే దిబ్బ పోయినట్టే, అనకపోతే నిలిచినట్టే. ఆ నిబంధన రాసినవాళ్ళు, అధికారి నోరు తెరవకుండా ఉంటాడని కలలో కూడా అనుకోలేదు. సుదర్శనాన్ని చూస్తే అసలే అనుకోరు.

"మీవాళ్ళు ఇక్కడ పని చేశారా, పడుకున్నారా అమ్మా?" అన్నాడాయన.

"తగరం కరిగి దిగేటప్పుడు మావోళ్ళు మాట్లాడరు సార్. మాట్లాడితే బెదిరి మట్టిలో దాక్కుంటదని మా అమ్మమ్మ చెప్పేది. చిట్టెం చల్లారేదీ అప్పుడే గదా!"

"అయితే మర్యాదకు పోయి చోటు పోగొట్టుకున్నారన్నమాట."

జోగమ్మ చివరి ముక్క చేతికి తీసుకుంది. దానికి శలాక ఆనించింది.

ముందు తిత్తుల ఊపిరి వినిపించింది. కాసేపటికి అదీ ఆగింది. ఏటి గలగల, చాలామంది మెల్లని శ్వాసలు మిగిలాయి. తానూ ఆ వెచ్చటి కొలిమి చుట్టూ వాళ్ళ మధ్య కూర్చున్నట్టే అనిపించింది ఆమెకు. ఎక్కడో పసిబిడ్డ కుయ్యిమంది.

సుదర్శనం గొంతు సవరించుకున్నాడు. "ఇక ఈ చోటు..."

"ష్..." అంది చిట్టెంలోంచి ఒక తల్లి.

ఆయన ఠక్కున ఆగిపోయాడు. శలాక మీద 'మాట లేదు' అని వెలిగింది. బిడ్డ ఏడుపు సన్నగిల్లింది. ఆయన అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు. కళ్ళు తడిశాయి. ఎండ నడినెత్తికొచ్చింది. దూరంగా సైరన్ మోగి ఆగింది.

"సార్, వేళ దాటిపోయింది!" జోగమ్మ గొంతు సంతోషంతో పెద్దదైంది.

సుదర్శనం పెదవుల మీద వేలుంచుకున్నాడు.

"మెల్లగా అమ్మా," అన్నాడు. "బిడ్డ ఇప్పుడే పడుకుంది."