చేతులు మారిన ఒడిబియ్యం

"మూట నేను పట్టుకుంటే ఏం మునిగింది?" అన్నాడు సంగమేశ్వర్.

"ఏం మునిగిందా? బస్టాండుల అందరు చూస్తుంటే నా ఒడిబియ్యం గుంజుకుంటివి." లింగమ్మ జొన్నరొట్టెను పెంక మీద దబ్బున వేసింది. నిన్న సాయంత్రం మనూర్ నుంచి, పుట్టింటి నుంచి వచ్చింది. కోపం ఇంకా దిగలేదు.

"బరువుంటదని పట్టుకున్న."

"బరువని నేను అన్ననా? మా అవ్వ నా ఒడిల పోసింది. నా ఇంటికొచ్చి దేవుని ముందట దించేదాంక నేనే మొయ్యాలె. పసుపు కలిపిన బియ్యం, కుడుకలు... నీకు కంది బస్తాల లెక్క కనిపిస్తున్నయా?"

"అన్నీ పార్సలే వానికి," అంది మూలన కూర్చుని వక్క కొరుకుతున్న తల్లి అమృతమ్మ. కోడలి పక్షమే.

సంగమేశ్వర్ చెప్పులేసుకుని బయటపడ్డాడు. కోపంలో సద్ది గిన్నె మరిచిపోయాడు.

ఊరి దృష్టిలో అతను బస్టాండుకు ఎదురుగా ఉన్న లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బుకింగ్ క్లర్కు. ఢిల్లీలో ఒక తాళం వేసిన గదిలో మాత్రం అతని పేరు ఏజెంట్ సెవెన్. కర్ణాటక సరిహద్దు మీద కన్నేసి ఉంచమని మూడేళ్ల కింద నారాయణఖేడ్‌లో దించారు. ఆ మూడేళ్లలో అతను పట్టుకున్నది ఒక సారా లారీని, అదీ పొరపాటున. ఇంట్లో నిజం చెప్పకూడదు. ఊరు దాటకూడదు. పట్నానికి పోస్టింగు ఇమ్మని ఎన్నిసార్లు అడిగినా జవాబు లేదు.

ఆఫీసు తెరవగానే ఫోన్ మోగింది. ట్రంక్ కాల్. చీఫ్.

"సెవెన్, జాగ్రత్తగా విను. హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్ నుంచి గైరో చక్రం మాయమైంది. రాకెట్ దారి తప్పకుండా చూసేది అదే. అరచేతిలో ఇముడుతుంది. బీదర్‌లో ఒక విదేశీ ముఠా దాని కోసం కాచుకుని ఉంది. అది సరిహద్దు దాటితే మన రాకెట్ గుట్టు వాళ్ల చేతికి పోయినట్టే."

"మీకు సమాచారం ఎవరిచ్చారు సార్?"

"రూబీ. వాళ్ల ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్. ట్రాన్స్‌ఫర్ ఇవాళ మీ ఊళ్లోనే అని చెప్పింది. ఆమె నీ దగ్గరికే వస్తుంది. ఆమె చెప్పినట్టు నడుచుకో. మనవాళ్లు సరిహద్దుకు పోయే కంగ్టి రోడ్డు మీద ప్రతి లారీనీ ఆపుతున్నారు."

"సార్... నా ట్రాన్స్‌ఫర్ సంగతి..."

"ముందు ఈ ట్రాన్స్‌ఫర్ ఆపు. నీది తర్వాత చూద్దాం."

ఫోన్ పెట్టేసి సంగమేశ్వర్ ఆ మాట గురించే ఆలోచించాడు. పంతుళ్లకు ట్రాన్స్‌ఫర్ అంటే గుండెదడ. బ్యాంకులో అంటే ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు పోయే డబ్బు. లింగమ్మకు దిండు గలీబు మీద పూలు కుట్టేముందు ఇస్త్రీపెట్టెతో అద్దే నీలిగీతల కాగితం. అతనికి మాత్రం ఈ ఊరి నుంచి విడుదల. లారీల వాళ్లకు ఒక లారీలోంచి ఇంకో లారీలోకి సరుకు మార్చడం. పద్దాక లారీల మధ్యే ఉంటాడు కనుక అతని బుర్రకు చివరిదే తట్టింది. పొద్దుటి నుంచి వచ్చిన ప్రతి లారీ కిందా దూరి చూశాడు. గ్రీజు తప్ప ఏమీ దొరకలేదు.

మధ్యాహ్నం హమాలీలు అన్నానికి పోయిన వేళ ఒక స్త్రీ వచ్చింది. నీలం చీర, నుదుట పెద్ద బొట్టు, నడుముకు కట్టిన ఒడిబియ్యం మూట. పుట్టింటి నుంచి అత్తింటికి పోతున్న ఆడపడుచు. వేషంలో వంక లేదు, ఖరీదైన ఫారిన్ సెంటు వాసన తప్ప.

"కంగ్టి వైపు వాన పడిందా?"

"పడితే గొడుగు తెచ్చుకునేవాణ్ని." కోడ్ సరిపోయింది.

రూబీ నవ్వింది. ఆ నవ్వుకు ముగ్గురు రాయబారులు ఉద్యోగాలు పోగొట్టుకున్నారని డిపార్ట్‌మెంటులో చెప్పుకుంటారు. సంగమేశ్వర్ ఆమెను కింది నుంచి పైదాకా పరీక్షగా చూశాడు. మూట దగ్గరికి వచ్చేసరికి పొద్దుటి తిట్లు గుర్తొచ్చి కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

"సరుకు మీ గోదాంలోనే ఉంది. పదండి," అంది రూబీ.

అతను ముందు నడిచాడు. లోపలికి అడుగుపెట్టి వెనక్కి తిరిగేసరికి ఆమె చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు ఉంది.

"సారీ సెవెన్. రెండు వైపులా పనిచేసీ చేసీ అలసిపోయాను. చివరికి వాళ్ల వైపే ఉందామనుకున్నాను."

"కాల్చవా?"

"కాలిస్తే ఊరంతా వస్తుంది. తాళం వేస్తే ఎవరూ రారు."

షట్టర్ దడదడా కిందికి దిగింది. తాళం పడింది.

లోపల చీకటి. పైన రేకులు కాగుతున్నాయి. ఎండుమిర్చి బస్తాల ఘాటుకు కళ్లు మండాయి. వాచీలోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. రేకుల కింద సిగ్నల్ చచ్చింది. జేబులోని పెన్నులో మత్తుగ్యాస్ ఉంది. ఈ గదిలో వదిలితే ముందు పడిపోయేది తనే. షట్టర్‌ను భుజంతో గుద్దాడు. భుజమే నొచ్చింది. మూడేళ్లుగా ఊళ్లో ఇరుక్కున్నానని బాధపడ్డాడు. ఇప్పుడు ఊరు కాస్తా ఒక గది అయింది.

షట్టర్‌కు తుప్పు పట్టి పడిన కంత ఒకటి కనిపించింది. కన్ను ఆనించాడు.

ఎదురుగా బస్టాండు. బీదర్ బస్సు బయలుదేరబోతోంది. మెట్టు దగ్గర ఆకుపచ్చ చీర స్త్రీ ఒకతె నిలబడింది. రూబీ ఆమె దగ్గరికి వెళ్లి, నడుము దగ్గరి ముడి విప్పి, మూట తీసి ఆమె చేతుల్లో పెట్టింది.

ఒడిబియ్యం చేతులు మారాయి!

ఈ చుట్టుపక్కల ఏ ఆడది చేస్తుంది ఆ పని? ఏ పోలీసు మాత్రం ఆ మూట విప్పమంటాడు? తను చూడటానికే జంకాడు! గట్టిగా అరిచాడు. బస్సు ఇంజను మోతలో ఆ అరుపు కలిసిపోయింది.

"ఏమయ్యా, యాడున్నవు? సద్ది మర్చిపోయినవు."

లింగమ్మ!

"గోదాంల ఉన్న! షట్టర్ తియ్యి!"

"తాళమున్నది. ఎవలేసిన్రు?"

నిజం చెప్పాలంటే మూడేళ్ల నుంచి మొదలుపెట్టాలి. బస్సు అంతసేపు ఆగదు. పైగా ప్రమాణం ఒకటి ఉంది.

"తాళం సంగతి ఇడిశిపెట్టు. గా బస్సు కాడ ఆకుపచ్చ చీరామె కనిపిస్తున్నదా? చేతిల ఒడిబియ్యం మూట ఉన్నది. అది ఆమెది గాదు. నీలం చీరామె ఇప్పుడే ఇప్పి ఇచ్చింది."



"ఇచ్చిందా? నువ్వు చూసినవా?"

"నా కండ్లతోని."

సద్ది గిన్నె నేల మీద పెట్టిన చప్పుడు వినిపించింది.

కంతలోంచి చూస్తున్నాడు. బస్సు కదిలింది. లింగమ్మ దానికి అడ్డంగా నిలబడింది. కండక్టర్ సొలొమోను తలుపులోంచి వంగాడు.

"ఏందమ్మా, సస్తవా? జరుగు!"

"ఆపు సొలొమోనూ! ఒకామె ఒడిబియ్యం ఇంకొకామె పట్టుకపోతున్నది!"

బస్సు ఆగింది. బస్సులోని ఆడవాళ్లు కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టారు. తర్వాత ఒక్కొక్కరే దిగారు. జామకాయలమ్మే పోశమ్మ గంప వదిలేసి వచ్చింది.

"ఆమె మా చెల్లెలు," అంది రూబీ.

"చెల్లెలైతే? తల్లికైనా ఇస్తరా?" లింగమ్మ ఆకుపచ్చ చీర స్త్రీ చేతిలోని మూట పట్టుకుని రూబీ వైపు తిరిగింది. "మీ అవ్వ నీకేం చెప్పలేదా? ఏ ఊరు మీది?"

రూబీ దగ్గర ఎన్నో దేశాల పాస్‌పోర్టులున్నాయి. ఏ ఒక్కదానిలోనూ పుట్టింటి ఊరు రాసి లేదు. చెయ్యి హ్యాండ్‌బ్యాగు వైపు పోయింది. పోశమ్మ ఆ చేతిని ఒడిసి పట్టుకుంది. "బ్యాగుల ఏమున్నదే? ముందుగాల కొంగు పట్టు! నీ బియ్యం నువ్వే కట్టుకో!" ఇంకో ఇద్దరు రెండో చేతిని పట్టుకున్నారు. పిస్తోలు బ్యాగులోనే ఉండిపోయింది.

ఆకుపచ్చ చీర స్త్రీ మూటను గుంజింది. ముడి జారింది. పసుపు బియ్యం రోడ్డంతా చిందాయి. దారంతో కట్టిన ఎండుకొబ్బరి కుడుకల జత ఒకటి నేల మీద పడి టంగుమంది.

అందరూ ఆగిపోయారు. కుడుక టంగుమనదు.

హమాలీ యాదయ్య వచ్చి గడ్డపారతో తాళం పగలగొట్టేసరికి లింగమ్మ కుడుకలు విడదీసి చూస్తోంది. లోపల వెండిలా మెరిసే చిన్న చక్రం ఉంది. బయటపడ్డ సంగమేశ్వర్ వాచీ నొక్కిన కాసేపటికి చీఫ్ మనుషులు కంగ్టి రోడ్డు నుంచి జీపులో వచ్చారు, ఒంటినిండా లారీల దుమ్ముతో.

"ట్రైనింగులో ఇది నాకెవరూ చెప్పలేదు," అంది రూబీ, జీపు ఎక్కుతూ.

"నాకు ఇవాళ పొద్దున్నే చెప్పిన్రు," అన్నాడు సంగమేశ్వర్.

పొద్దు వాలే వేళకు లింగమ్మ తన ఒడిబియ్యం వండి ఇరుగుపొరుగును పిలిచి పెట్టింది. వాళ్లు వెళ్లాక ముగ్గురూ తినడానికి కూర్చున్నారు.

"పట్నానికి ట్రాన్స్‌ఫర్ అయింది. ఆఫీసుకు ఫోనొచ్చింది," అన్నాడు సంగమేశ్వర్. మూడేళ్లు ఎదురుచూసిన మాట. చెప్పి, కంచం ముందుకు జరుపుకున్నాడు.

లింగమ్మ అతని కంచంలో పప్పు వేసింది.

"గా చక్రమేందో నేనడగ. గా తాళం ఎవలేసిన్రో గూడ అడగ. నువ్వు చెప్పేటోనివి గావు." గరిటె గిన్నెలో పెట్టింది. "గని మనం యాడికి పోతలేం. రేపు పొద్దుగాల ఫోన్ జేసి చెప్పు. పట్నంల నిన్ను గోదాంల పెట్టి తాళమేస్తే, ఎతుక్కుంట వచ్చేటోళ్లు ఎవలున్నరు?"

ఏజెంట్ సెవెన్ సాయం కోసం తల్లి వైపు చూశాడు.

"ఇంకింత అన్నం పెట్టు బిడ్డా," అంది అమృతమ్మ కోడలితో. "ఇగ యాడికి పోడు గద."