మూడింతల స్పీడు

టప్!

తమ్ముడి చిటికెన వేలు విరుగుతుంది.

"అక్కా...!"

ఆ అరుపు గది దాటదు. సౌండ్ స్టూడియో గోడలు మరి! మధ్యాహ్నం రెండు. కింద రోడ్డు నిండా జనం. ఒక్కడికీ వినపడదు.

"ఇంకా తొమ్మిదున్నాయి," అంటాడు బండ. లోకమంతా వాణ్ని పిలిచే పేరు అదే. చేతిలో తుపాకీ. బూటు కింద అక్క మౌస్... ముక్కలు ముక్కలు. వాడు రాగానే దాన్నే మొహం మీదికి విసిరింది!

"మౌస్ లేకుండా చెయ్యగలవా?"

"కీబోర్డు చాలు. వాడి జోలికెళ్లకు."

పదేళ్లుగా ఆమె పని ఇదే. గంటలకొద్దీ ఆడియో వినడం, కొయ్యడం, అతకడం.

ఈ ఫైల్ తొమ్మిది గంటలు! చైర్మన్ ఆఫీసులో ఒక రిపోర్టర్ దాచిపెట్టిన రికార్డర్‌లోది. ఆ రిపోర్టర్ నిన్న శవమై తేలాడు. పోయేముందు అతను పంపిన ఈ ఫైల్ ఈమె దగ్గరుందని పోలీసులకు తెలుసు. నాలుగింటికి వస్తారు. అందుకే ఫైల్ ఉండాలి... చైర్మన్ అన్న ఆ ఒక్క మాట ఉండకూడదు.

దొరక్కపోతే తమ్ముడు దక్కడు.

కీబోర్డు మీద ఎల్ నొక్కుతుంది. ఫైల్ కదులుతుంది. మళ్లీ ఎల్... రెండింతలు. మళ్లీ ఎల్... మూడింతలు!

"ఏంటా కిచకిచ? సరిగ్గా పెట్టు!"

"సరిగ్గా పెడితే తెల్లారుతుంది. నాకర్థమవుతుందిలే."

చెంప ఛెళ్లుమంటుంది! పెదవి చిట్లి రక్తం కీబోర్డు మీద పడుతుంది. వేళ్లు మాత్రం ఆగవు. మాటల్లేని చోట బాణం కీ. ఒక్కో నొక్కుకి ఒక్కో నిమిషం ముందుకు.

ఫైల్లో మూడో గంట.

కె... ఆగింది. జె... వెనక్కి. ఎల్.

"బండా! ఆ రిపోర్టర్ని ఇవాళే లేపెయ్." చైర్మన్ గొంతు. స్పష్టంగా!

"అదే! తీసెయ్!"

మాటకి ముందొక గీత, వెనకొక గీత. డిలీట్. మాయం.

"చివరిదాకా చూడు. మళ్లీ ఎక్కడైనా తగిలిందో..." తుపాకీ తమ్ముడి కణతకు ఆనుతుంది.

బండ ఫోన్ మోగుతుంది.

"ఆ, అమ్మా... తిన్నానే... మాత్ర వేసుకున్నావా? సాయంత్రం వచ్చేస్తాగా!"

ఛీ! వీడికీ ఓ తల్లి!

ఫైల్లో ఏడో గంట. కిచకిచల మధ్య ఇంకో మాట ఆమె చెవిన పడుతుంది. మొహంలో ఏమీ కనపడనివ్వదు. ఎమ్ నొక్కుతుంది. ఆ చోట ఒక గుర్తు పడుతుంది.

ఇప్పుడే చెబితే? వీడు చైర్మన్‌కి ఫోన్ చేస్తాడు. ఆయన ఏదో సర్దిచెబుతాడు. కాదు... ఆయన ఎదురుగా ఉండాలి!

"అయిపోయింది. మీ సార్‌ని పిలువు."

చైర్మన్ వస్తాడు. తెల్ల చొక్కా, చెక్కుచెదరని ఇస్త్రీ. కోసిన చోటు విని తలాడిస్తాడు.

"భేష్! ఫైల్ ఇక్కడే ఉండనీ. వీళ్లిద్దర్నీ కారెక్కించు బండా. దారిలో యాక్సిడెంట్."

బండ తమ్ముడి జుట్టు పట్టి లేపుతాడు. "అక్కా!"

"అన్నా, ఆగు!" ఆమె చెయ్యి కీబోర్డు మీదికి పోతుంది. "నీకూ అదే యాక్సిడెంట్ రాసిపెట్టాడు. వినవా?"

గుర్తు దగ్గరికి ఒక్క దూకు. మామూలు స్పీడు. మళ్లీ చైర్మన్ గొంతే.

"డ్రైవర్! బండగాడి నోరు ఆగదు. రిపోర్టర్ పని కాగానే వాణ్నీ లారీ కింద తోసెయ్. వాళ్లమ్మకి నేను చెప్పుకుంటాలే. ముసల్ది రోజూ నా ఫొటోకి దండం పెడుతుంది!"



"అతికించింది బండా! ఇదంతా దీని పనే!"

"మా అమ్మ నీ ఫొటోకి దండం పెడుతుందని దీనికెలా తెలుసు సార్?"

చైర్మన్ చెయ్యి నడుము దగ్గరికి...

ఢాం!

తెల్ల చొక్కా ఎర్రబడుతుంది. చైర్మన్ కుప్పకూలతాడు.

తుపాకీ మెల్లగా ఆమె వైపు తిరుగుతుంది.

"ఇందాక తీసేసిన మాట... మళ్లీ వస్తుందా?"

"వ... వస్తుంది. కానీ అందులో నీ పేరుంది అన్నా."

"ఉండనీ. పెట్టు."

కంట్రోల్... జెడ్.

"బండా! ఆ రిపోర్టర్ని ఇవాళే లేపెయ్."

తలుపు మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతుంది. బయట ఎవరో బెల్ నొక్కుతున్నారు. నాలుగైంది.

బండ తుపాకీని కీబోర్డు పక్కన పెడతాడు. ఫోన్ తీస్తాడు.

"అమ్మా... సాయంత్రం రాలేనే."