ఆగినా దిగనివాళ్లు

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన రైలు టికెట్ కనిపించేసరికి డ్రైవరుగారి మొహం మాడిపోయింది. ఇరవై ఆరేళ్లుగా రెండు నగరాల మధ్య ఎక్స్‌ప్రెస్ బస్సు నడుపుతున్న మనిషి. ఒక్క నిమిషం ఆలస్యం కాని ఆ బస్సంటే ఆయనకు కన్నకూతురి కన్నా ముద్దు. ఆ కన్నకూతురే ఇవాళ ఇంటర్వ్యూకి రైల్లో వెళ్తోంది.

"నా బస్సు నీకు పనికిరాదా?"

"రైలే నయం నాన్నా."

"ఏ లెక్కన నయం? నా బస్సు ఆరు గంటల్లో ఊరి నడిబొడ్డున దింపుతుంది. రైలుకి ఎనిమిది. దిగాక ఆటోవాడికి మళ్లీ సమర్పించుకోవాలి. పాస్ మీద ఊరికే వెళ్లేదానికి డబ్బు తగలేస్తావా? ఇంకా నయం, విమానం ఎక్కలేదు! గంట ఎగరడానికి మూడు గంటలు లైన్లో నిలబడేదానివి."

"ఏమన్నా అనుకో, నేను రైల్లోనే వెళ్తాను."

ఆయన టికెట్‌ను గుప్పిట్లో నలిపేశాడు. "డిపోలో నా పరువు తీయడానికా? పోయినసారి నా బస్సులోనే తీసుకెళ్లాను. అక్కడ నోరు పెగల్లేదు నీకు. చేతకానితనం నీది, తప్పు బస్సుదా?"

"అవును, బస్సుదే!" కూతురు భగ్గుమంది. "కళ్లు తిరుగుతుంటే ఏం మాట్లాడను? ముందు రోజు సాయంత్రం నుంచి చుక్క నీళ్లు తాగలేదు."

"ఎవరొద్దన్నారు?"

"తాగితే ఎక్కడ దిగాలి? పొదల పక్కన ఐదు నిమిషాలు ఆపుతావు. మగవాళ్లంతా దిగుతారు. మేం ఎక్కడికి పోవాలి? రైల్లో తలుపున్న గది ఉంటుంది నాన్నా. నాకు కావాల్సింది అదొక్కటే."

"విన్నావా దీని వాగుడు?" అని ఆయన భార్య వైపు తిరిగాడు.

వంటింటి గుమ్మంలో ఉన్న ఆవిడా తగ్గలేదు. "ఇన్నేళ్లుగా మీ బస్సెక్కినప్పుడల్లా మీ వెనక సీట్లోనే కదా కూర్చున్నాను. అక్కడ ఒక్కసారైనా దిగానా? అద్దంలో మీకు కనపడలేదా?"

"నీకు అవసరం లేదేమో అనుకున్నా."

అన్నాడే గానీ, ఆ మాట తన చెవికే సిగ్గుగా వినిపించింది. టికెట్‌ను బల్ల మీద పెట్టి, అరచేత్తో మడతలు సాపు చేసి డ్యూటీకి వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నం పొదలున్న చోట ఆపలేదు. ఇంకాస్త ముందుకెళ్లి బస్సును పెట్రోల్ బంకులోకి తిప్పాడు.

"పావుగంట లేటవుతాం గురూ," అన్నాడు కండక్టరు.

"అవనీ." వెనక్కి తిరిగి గొంతు పెంచాడు. "ఇక్కడ బాత్రూములున్నాయమ్మా. అందరూ వచ్చాకే బయల్దేరతాను."

ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత ముందు సీట్లోని ముసలావిడ లేచింది. ఆవిడ వెనక ఇంకొకరు, ఆ వెనక పిల్లను ఎత్తుకుని మరొకరు. చూస్తుండగానే ఆడవాళ్ల సీట్లన్నీ ఖాళీ అయిపోయాయి.

అద్దంలో ఆ ఖాళీ సీట్లు చూసి ఆయనకు ఏడుపు ఆగలేదు. చొక్కా చేత్తో కళ్లు తుడుచుకుని కూతురికి ఫోన్ చేశాడు.

"రైలెక్కావా?"

"ఎక్కాను," అంది పొడిగా.

"నీళ్లు తాగు తల్లీ. కడుపునిండా తాగు."