ఎక్కడికని అడగకూడదు

అనిరుధ్ సూర్యకళ చేత మొట్టమొదట తిన్నవి చీవాట్లు.

తను తీయబోయే సినిమాకి లొకేషన్లు వెతుక్కుంటూ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాడు. బోటెక్కబోతున్న ఒక పెద్దాయన కనిపిస్తే మర్యాదగా పలకరించాడు. "ఎక్కడికండీ బయల్దేరారు?"

ఆయన ఎత్తిన కాలు వెనక్కి తీసుకున్నాడు. వెనుదిరిగి ఇంటిదారి పట్టాడు. ఆ రోజు బోటు కదల్లేదు.

"బుద్ధుందేటి నీకు? ఏటకెల్లే మనిసిని ఎక్కడికని అడుగుతారా?" అంటూ మీదికొచ్చిన పిల్ల సూర్యకళ. ఆ పెద్దాయన ఆమె తండ్రి దాలయ్య.

క్షమాపణ చెప్పడానికి వాళ్ళింటికి వెళ్ళినవాడు టీ తాగాడు. టీ తాగినవాడు మళ్ళీ వెళ్ళాడు. ఏడాది తిరిగేసరికి విశాఖలో రోడ్ థ్రిల్లర్ ఏది ఆడినా ఇద్దరూ పక్కపక్క సీట్లలో ఉండేవారు.

ఈ ఆదివారం పొద్దున్న ఆమె బీచ్ రోడ్డులో అతని ముందు కారాపింది.

"ఎక్కు. మన సంగతి ఈరోజు తేల్చేత్తానన్నాడు నాన్న. ఒకటే కండిషన్. దారిలో ఎక్కడికని అడిగావో, సంబంధం కేన్సిల్."

"మ్యాప్ చూడొచ్చా?"

"సూత్తే అడిగినట్టే." అతని ఫోన్ లాక్కుని తన వైపు డోర్ అరలో పడేసింది.

కారు రుషికొండ వైపు పరుగెత్తింది. సముద్రం మీద మబ్బులు కమ్ముతున్నాయి.

"మొన్న సూసిన సినిమాలో ఛేజింగు ఒక్కటే. అయినా గోళ్ళు కొరికేసావ్. ఎందుకంటావ్?"

సినిమా అంటే చాలు, అనిరుధ్‌కి భయం పోతుంది. "ఇంట్లో భయమేస్తే వీధిలోకి పరిగెత్తొచ్చు. నడిచే కారులో తలుపు చేతికందుతుంది, తియ్యలేం. పారిపోదామంటే ఎక్కడి..." నాలుక కరుచుకున్నాడు.

ఆమె నవ్వాపుకుంది. "ఆ డైరెక్టర్ గొప్పోడు. బండి నడిపేవోడికి తెలిసింది పక్కనోడికి తెలీనీడు. మనకి మాత్రం ముందే సెప్పేత్తాడు. మనం సీట్లో నలిగిపోతాం. ఇంకోటి, ముందు ఆ ఇద్దర్నీ మనకి నచ్చేలా సేసాడు. నచ్చనోళ్ళు లోయలో పడితే మనకేటి?"

తను రాసుకున్న ఏడు ఛేజింగులూ అనిరుధ్‌కి ఒక్కసారిగా దండగనిపించాయి. ఆమె వైపే చూస్తూ ఉండిపోయాడు.

"రోడ్డు సూడు."

"నడిపేది నువ్వు."

రుషికొండ దాటాక దాలయ్య రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ముఖంలో నవ్వు లేదు. డిక్కీలో ఏదో బరువైనది దించి, వెనక సీట్లో కూర్చున్నాడు. నమస్కారానికి తలూపాడంతే. కారు వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

మలుపు తిరిగినప్పుడల్లా డిక్కీలో ఏదో దొర్లుతోంది. అనిరుధ్ రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

కంచరపాలెంలో దాలయ్య కారు ఆపించి, ఒక సందులోకి వెళ్ళాడు. పేపరు చుట్టిన పొడవాటి పొట్లంతో తిరిగొచ్చాడు. పేపరు చివర చిరిగిన చోట కత్తి మొన మెరిసింది.

అనిరుధ్ సూర్యకళ వైపు చూశాడు. ఆమె వైపర్ ఆన్ చేసింది. వాన మొదలైంది.

గాజువాక దగ్గర ప్రశ్న గొంతు దాకా వచ్చింది. అద్దంలో దాలయ్య కళ్ళు అతన్నే చూస్తున్నాయి.

"ఏటి బాబూ, ఏదో అడగాలనున్నట్టుంది?"

అడిగితే సూర్యకళ ఉండదు. అనిరుధ్ మింగేశాడు. "ఏసీ... తగ్గించమంటారా అండీ?"

"ఒద్దు. బాగానే ఉంది."

కారు స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లోకి తిరిగింది. అనిరుధ్ చిన్నప్పట్నించీ సైకిలు తొక్కిన రోడ్లు. చివరికి కారు ఆగింది అతని ఇంటి ముందే. గుమ్మంలో అతని తల్లి మంగాయమ్మ, పెళ్ళిళ్ళకి మాత్రమే బయటికి తీసే చీరలో.

"సేరిపోయాం," అన్నాడు దాలయ్య. "ఇప్పుడడుగు."

"ఎక్కడికి మావయ్యా?"

ఆ పిలుపుకి దాలయ్య మీసం కింద నవ్వు కదిలింది. "మీ అమ్మగారితో మా పిల్ల సంగతి మాటాడ్డానికి. ఒక్క మాట ఆపుకోలేనోడు కాపరమేం సేత్తాడని సూసాను. ఆపుకున్నావ్."

డిక్కీ తీశాడు. ఐసు మీద చెయ్యంత వంజరం. పొట్లం విప్పాడు. "ఇంత సేపని కోసే కత్తి మీ ఇంట్లో ఉండదని సాన పట్టించి తెచ్చాను."

"లోపలికి రండి అన్నయ్యగారూ," అంది మంగాయమ్మ. "మేం గోదారి వాళ్ళం. సముద్రం చేపని ఎలా వండాలో మీరే దగ్గరుండి చెప్పాలి."

పెద్దవాళ్ళు లోపలికి వెళ్ళారు. వానలో ఇద్దరూ మిగిలారు.

"అమ్మకి ముందే తెలుసా?"

"నిన్ననే ఫోన్ సేసాను. తెలీనిది పక్కసీటోడికే." సూర్యకళ కళ్ళెగరేసింది. "ఎలాగుంది నా సినిమా?"

"అద్భుతం. విలనే లేడు."

"ఉన్నాడు కదా, మొదట్లోనే. మా నాన్న బోటు ఆపేసినోడు."

"మరి హీరో?"

"ముందు ఆ సేప తోక పట్టుకో. జారిపోకుండా లోపలికి తెచ్చావంటే ఆలోసిత్తాను."